రజ్జుతత్త్వవేత్త

చీకటిలో త్రాడును జూచి పామని భ్రమించు మానవుని గూర్చి మన వేదాంతులు ఎన్ని శతాబ్దములుగానో బోధించుచున్నారు గాని, పట్టపగలు పాము కనబడినను భయపడుటకు మారుగా వంగి "ఇది ఎన్ని మిల్లీమీటర్లు? అల్లినదా, పేనినదా?" అని విచారింపగల పురుషుని గూర్చి వారెవ్వరును ఒక్క వాక్యమైనను వ్రాసి యుండలేదు. కారణము స్పష్టమే. వారు మా బావగారిని ఎరుగరు.

మా అక్కయ్య భర్తయగు ఈ మహనీయుడు ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున చిరకాలముగా కాపురముండి, పగలు ఒక కార్యాలయమున లెక్కలు చూచుచు, సాయంకాలములను సెలవుదినములను గాలిపటనిర్మాణమునకు ధారవోయుచున్నారు. గాలిపటమనగా సంక్రాంతికి మనము మేడలెక్కి ఎగురవేయు కాగితపు పటము కాదు. సన్నని నైలాను గుడ్డను గదులు గదులుగా కుట్టగా, ఆ గదులలో గాలి నిండి, విమానపు రెక్క ఆకారము దాల్చి, గట్టి గాలి వీచినపుడు ఎగురవేయువానినే ఇసుకమీద ఈడ్చుకొనిపోగల బలిష్ఠమైన పటమది. ఆ ఈడ్పును చేతులు ఎంతోసేపు తట్టుకొనజాలవు గనుక, చేతిలోని కడ్డీకి ఈ కొననుండి ఆ కొనవరకు ఒక పొట్టి త్రాటిని వదులుగా కట్టి, దాని నడిమిభాగమును నడికట్టుకున్న ఉక్కు కొక్కెమునకు తగిలింతురు. అప్పుడు భారమంతయు భుజములను విడిచి తుంటిమీదికి దిగును. పైకి పోవు దారములు ఇరువది మీటర్లకు తక్కువ కాకుండగా, ఈ నడికట్టు త్రాడు మాత్రము రెండు మూరలకు మించదు. మా బావగారి వైదుష్యమంతయు ఆ రెండు మూరలలోనే ఇమిడి యున్నది.

గాలిపటమును కుట్టుటకు వారికి ఒక శీతకాలము పట్టినది. త్రాటిని ఎన్నుకొనుట ఇంకను ముగియలేదు.

నేను చుట్టపుచూపుగా వెళ్ళిన మొదటి రాత్రియే, విస్తరిలో పప్పు వడ్డించి వడ్డింపకమునుపే, "ఒరే, తడిసిన నైలాను గురించి నీ అభిప్రాయం ఏమిటి?" అని ప్రశ్నించిరి. అట్టి అభిప్రాయము లేని మనుష్యులు భూమిమీద నుందురని వారికి తోచదు. నైలాను సాగును, ఆ సాగుట కొండలెక్కువారి పాలిట వరము, పడినవానిని అది మెత్తగా ఆపును, కాని కడ్డీని కదల్చిన మరుక్షణమున పటము కదలవలెనన్న సాగెడి త్రాడు పనికిరాదు, పైగా తడిసినచో దానికి కొంత బలము తగ్గును. ఇది పప్పు చల్లారువరకు జరిగిన ఉపన్యాసము. చారుతో పాలియెస్టరు వచ్చినది. అది అంతగా సాగదు, తడిసినను నీరసింపదు, ఎండకు చాలకాలము నిలుచును, చౌకగా దొరకును. ఇన్ని సుగుణములున్న త్రాటిమీద బావగారికి ఎందుచేతనో చులకన; పెద్దలు కుదిర్చిన సంబంధమువలె అందులో సాహసమేమియు లేదని కాబోలు. మజ్జిగలో కెవ్లారు. 1965లో స్టెఫనీ క్వోలెక్ అను శాస్త్రజ్ఞురాలు కనుగొన్న ఈ పసుపుపచ్చని నార నిప్పునకు వెరవదు గాని, ఎండ సోకిన క్షీణించును, ఒకేచోట మాటిమాటికి వంచిన లోలోపల విరుగును. వీని నన్నిటిని త్రోసిరాజని బావగారి హృదయసింహాసనము నధిష్ఠించినది డైనీమా. బజారులో కూరగాయలు కట్టియిచ్చు సంచీ ఏ పాలిథీనుతో తయారగునో ఇదియు ఆ కులములోనిదే. కాని తూకమునకు తూకము ఉక్కుతీగను ఎన్నోరెట్లు మించిన బలము గలది, నీటిపై తేలునది. దీనికిని లోపములు లేకపోలేదు. ఇంచుమించు 150 డిగ్రీల వేడికే కరగును. జారుడు గుణము మెండగుటచే ముడి నిలువదు. నిలిచినను ఆ ముడియొద్ద బలము సగము దాకా హరించిపోవును. ప్రియురాలి లోపములను వర్ణించునప్పటి కన్ను చెమ్మగిల్లుట నేను ప్రబంధములలో చదివితినే గాని, కన్నులార గాంచినది ఆ భోజనపు బల్లయొద్దనే.

ముడి వేయరాదు గనుక స్ప్లైసు చేయవలెను. అనగా, బోలుగా అల్లిన త్రాటి కొనను వెనుకకు త్రిప్పి, వంచిన తీగ సాయమున దాని గర్భములోనికే దూర్చుట. లాగినకొలది పై అల్లిక బిగిసి లోని కొనను కఱచిపట్టును. త్రాటి మందమునకు 72 రెట్ల పొడవు లోపలికి దూరవలెనని శాస్త్రము. మూడు మిల్లీమీటర్ల త్రాటికి ఇది రమారమి జానెడగును. బావగారు ఈ జానెడును కొలుచునపుడు ఇంటిలో ఎవ్వరును దగ్గరాదు. పిమ్మట ఆ త్రాడు కొక్కెమునకు ఒరసికొని అరిగిపోకుండునట్లు దానికి ప్లాస్టిక్ గొట్టమును తొడుగవలెను గదా! మెత్తని త్రాడు ఇరుకు గొట్టములో దూరునా? అందులకు వారు కనిపెట్టిన ఉపాయము, గొట్టము ఒక కొనను మా అక్కయ్య వ్యాక్యూమ్ క్లీనరు నోటికానించి, రెండవ కొనయొద్ద సన్నని దారమును విడుచుట. దారము సర్రున ఆవలికి పోవును. దానికి త్రాటిని కట్టి లాగికొందురు. ఉపాయము దివ్యముగా నున్నదని నేను మెచ్చుకొనబోవునంతలో అక్కయ్య నా వంక చూచిన చూపును బట్టి, ఆ యంత్రము నెలల తరబడి తివాచీ మొగము చూడలేదని గ్రహించి మిన్నకుంటిని.

బ్రిస్టల్ నేలకే ఈ మహత్తు కలదేమో. అచ్చటి జార్జి పోకాక్ అను బడిపంతులు గాలిపటములు లాగెడి బండిని నిర్మించి 1826లో పేటెంటు పొందెను. గుఱ్ఱముల లెక్కను బట్టి సుంకము పుచ్చుకొను ఆనాటి బాటలమీద, గుఱ్ఱమే లేని ఆ బండిని ఏమడుగవలెనో తోచక సుంకరులు ఊరక విడిచిరని చెప్పుదురు. అంతకుముందే ఆయన తన కుమార్తె మార్తాను కుర్చీలో కూర్చుండబెట్టి గాలిపటముచే ఆకాశమునకెత్తించెను. ఆమెయే తరువాత క్రికెట్టు భీష్ముడగు డబ్ల్యు. జి. గ్రేసుకు తల్లి యయ్యెను. ఇంతటి వృత్తాంతమును నేను చదివి ఉత్సాహముతో వినిపింపగా, బావగారు సర్వమును ఆలకించి, "ఆ పిల్లని ఏ తాడుతో కట్టాడుట?" అనిరి. ఆ కాలమున నైలానైనను పుట్టలేదు గదా అంటిని. "పాపం!" అని నిట్టూర్చిరి. ఆ జాలి పిల్లమీదనో, పంతులుమీదనో, త్రాటిమీదనో నేటికిని నిర్ణయింపలేకున్నాను.

మన దేశమున తాటిచెట్టెక్కు గీతకార్మికుడు మోకును చెట్టునకును తన నడుమునకును చుట్టి, వెనుకకు వాలి, రెండు చేతులను పనికి విడిచికొనునని ఒకనాడు మాటవరుసకు నోరుజారితిని. అది మొదలు ప్రతి ఉత్తరమునను మోకు ప్రస్తావనయే. "ఆవకాయ మరిచినా ఫరవాలేదు, మోకు మరవకు" అని వ్రాసిరి. తీసికొనిపోయితిని. వారు దానిని వాసన చూచి, కొలిచి, తూచి, తుదకు హాలు గోడమీద వేంకటేశ్వరస్వామి పటము ప్రక్కన వ్రేలాడగట్టిరి. శుక్రవారమునాడు అక్కయ్య దానికిని బొట్టు పెట్టుచున్నది. భక్తితోనో, కసితోనో అడుగుటకు నాకు ధైర్యము చాలలేదు.

ఆ యింటి పెరటిలో బట్టలారవేయు త్రాడు రెండు టన్నుల బరువును మోయగలదు. దానిమీద ఆరునవి రెండు తువ్వాళ్ళును ఒక పంచెయు. నేను తిరుగు ప్రయాణమైనపుడు నా పెట్టె తాళము వదులుగా నున్నదని చెప్పుట తడవుగా దానిని డైనీమాతో చుట్టి, కొనలను స్ప్లైసు చేసి పంపిరి. రాజమహేంద్రవరమున ఇల్లు చేరి, కత్తెర మొద్దువారి, కత్తిపీట ఓడి, తుదకు పెట్టె పిడినే ఊడబెరికి నా బట్టలు నేను తీసికొంటిని. త్రాడు చెక్కుచెదరలేదు. ఈ సంగతి వ్రాయగా వారు పెట్టెకు సంతాపము తెలుపలేదు, త్రాటికి అభినందనము తెలిపిరి.

అయినను ఒక్క మాట చెప్పక తప్పదు. మా అమ్మ మోకాళ్ళ నొప్పులతో మంచముమీదినుండి లేవలేక అవస్థపడుచున్న రోజులలో బావగారు సెలవుపై వచ్చి, మంచపుకోళ్ళకు మెత్తని పాలియెస్టరు త్రాటితో ఒక పట్టుగొలుసు అల్లి, ఆమె చేతికందునంత దూరమున, ఆమె పిడికిటికి సరిపడునంత లావున అమర్చిరి. వారికి చులకనయైన పాలియెస్టరే సుమా! "ఆవిడ చేతికి జారకూడదురా" అనిరి. అమ్మ కడవరకును దానిని పట్టుకొనియే లేచెడిది, అల్లుని పేరెత్తినచో దానినొకసారి తడిమెడిది. ఆ పూట జ్ఞప్తికి వచ్చినపుడెల్ల పెట్టె విషయమున నా కోపము సగమగును. పూర్తిగా పోదు.

తుదకు నేను మరల వెళ్ళినపుడు, గాలియు, సెలవును, త్రాడును ఒక్కమారు కూడివచ్చిన ఒక ఆదివారమున ముగ్గురమును వెస్టన్-సూపర్-మేర్ సముద్రతీరమునకు పోయితిమి. పాటు సమయమున అచ్చట నీరు కంటికందనంత వెనుకకు పోయి బురద బయటపడును. పటము లేచెను. కొక్కెము తగిలెను. బావగారు మడమలతో ఇసుకలో చాళ్ళు దున్నుచు నాలుగైదు బారలు సాగిపోయి, జీవితమున నెన్నడును నవ్వనట్లు నవ్విరి. అంతలో పెనుగాలి ఒకటి వచ్చుటయు, పటము కుట్లు పర్రున విడిపోవుటయు, ఆ గుడ్డల ప్రోగు పోయి బురదలో కూలుటయు క్షణములో జరిగినవి. నేను గుండె దడదడలాడ పరుగెత్తిపోయి చూచునప్పటికి, వారు కాళ్ళు బారజాపుకొని కూర్చుండి, కడ్డీని ఒడిలో నుంచుకొని, నడికట్టు త్రాటిని భూతద్దముతో పరీక్షించుచుండిరి.

"చూశావురా! ఒక్క పోగు లేవలేదు!"

ఇంటికి వచ్చు త్రోవలో చాలసేపు మాటలాడలేదు. పటము పోయెనను దిగులు కాబోలునని నేను ఓదార్పు మాటలు కూర్చుకొనుచుండగా, కారు నడుపుచునే మెల్లగా మొదలుపెట్టిరి. త్రాడు తెగకపోవుటచేతనే గుడ్డ చినిగినది. గుడ్డ ఖరీదైనది, త్రాడు రెండు మూరలది. కనుక తెగవలసినది త్రాడు. "తెగే తాడు కావాలిరా. ఊరికే తెగకూడదు, లెక్క ప్రకారం తెగాలి. వచ్చేసారి గోగునార తాడు ఓ నాలుగు బారలు పట్టుకురా. చేత్తో పేనిందే సుమా, మిషనుది వద్దు."

వెనుక సీటునుండి అక్కయ్య, "అప్పడాలు తెమ్మని వాడికి ముందే చెప్పాను. పెట్టెలో వాటికి కాస్త చోటుంచండి" అన్నది.