రసం మాకు, టెంక మీకు

ముసునూరు తోటల్లో చిన్నరసం జుర్రినవాడు టెంక ఎక్కడ వేయాలో కూడా చూసుకుంటాడు. అణువిద్యుత్తు జుర్రే ప్రభుత్వాలకు ఆపాటి మర్యాద కూడా లేదు. 2012 నవంబరులో కూడంకుళం అణుకేంద్రం వ్యర్థాలను కోలారు బంగారు గనుల్లో దాస్తారన్న మాట సుప్రీంకోర్టులో వినపడగానే కర్ణాటక భగ్గుమంది. అబ్బే, అలాంటిదేమీ లేదని అణు సంస్థ నాలిక కరుచుకుంది. అదే కర్ణాటక ప్రభుత్వానికి 2000 నుంచీ తమ కైగా అణుకేంద్రం కరెంటు మాత్రం చేదెక్కలేదు. కూడంకుళం కరెంటులో పెద్ద వాటా అందుకునే తమిళనాడు, వాడేసిన ఇంధనాన్ని రష్యాకే పంపమని 2022లో కేంద్రానికి రాసింది. కుదరకపోతే జనం లేనిచోట పాతిపెట్టమంది. ఆ చోటు ఎవరి పటంలో ఉందో?

భయపడటం తప్పా అంటారు. కాదు, భయం న్యాయమే. కరెంటు దగ్గర లేని భయం చెత్త దగ్గరే పుట్టడం విడ్డూరం. వ్యర్థం కొంచెమే, శుద్ధిచేసి మళ్లీ వాడుకుంటామని ఇంకొందరంటారు. నిజమే, కానీ శుద్ధి తర్వాత మిగిలింది గాజులో బిగించినా వేల ఏళ్ల కాపలా కోరుతుంది. అంత కొంచెమే అయితే చోటిచ్చే రాష్ట్రమేదీ? భూగర్భ నిల్వ కేంద్రం త్వరగా కట్టమని 2013 మేలో సుప్రీంకోర్టు చెప్పినా, అది ఇంకా కాగితం దాటలేదు. ఈలోగా మన శ్రీకాకుళం తీరాన కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు. మెగావాట్లు నోటికొచ్చిన నేతలు వ్యర్థాల ఊసెత్తరు. పునాదిరాయి మీద తమ పేర్లతో పాటు చెత్త చిరునామా కూడా చెక్కించాక, పొరుగువాణ్ణి తీరిగ్గా తిడదాం.