తొక్కు జాడీలో ద్రాక్ష

పచ్చిపులుసులోకి ఏ వైన్ బాగుంటుందో మీకు తెలుసా? నాకు తెలుసు. తెలుసుకోవాలని నేనెన్నడూ అనుకోలేదు, మా సడ్డకుడు ఊరుకోలేదు. యూట్యూబ్ చూసి ఇంట్లో వైన్ పెట్టడం నేర్చినప్పటి నుంచి నిజామాబాద్‌లో మా ఇంట ఆదివారం తిండి తిండిలా సాగడం లేదు. "వదినా, ఆగుర్రి, పచ్చిపులుసు అప్పుడే పొయ్యకుర్రి. దీనికి పైనాపిల్‌ది పడ్తది, నల్లద్రాక్షది పడది" అంటాడు. చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కలిసిన ఆ పులుసు ముందు ఫ్రాన్సు ద్రాక్షే నోరెత్తదు, పైనాపిల్ ఎంత?

అంకాపూర్ తీరుగా మా ఆవిడ వండే దేశీకోడికి 'వయసున్నది' కావాలట. వయసంటే పోయిన సంక్రాంతికి పెట్టింది. పోచంపాడ్ నుంచి తెచ్చిన చేపల పులుసుకైతే లేతది. స్టీలు గ్లాసులో పోసి, గిరగిరా తిప్పి, "అన్నా, లవంగం తెలుస్తుందా?" అని నా మొహంలోకి చూస్తాడు. తెలుస్తుంది. లవంగం తప్ప ఇంకేదీ తెలియనంతగా తెలుస్తుంది.

ఇక జాడీ సంగతి. వైన్‌కు పింగాణీ జాడీయే శ్రేష్ఠమని ఆ యూట్యూబ్ మనిషెవరో సెలవిచ్చాడు. మా అత్తమ్మకు అలాంటివి రెండున్నాయి, మెడ దగ్గర గోధుమ రంగు, కింద తెలుపు. మామిడికాయ తొక్కు తప్ప ఇంకోటి ఎరగని జాడీలు. పెద్దదాన్ని చిన్నల్లుడు అడిగాడు. చిన్నల్లుడు అడిగితే కాదనే అత్త బోధన్ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. వేడినీళ్లతో కడిగాడు, సోడాతో తోమాడు, నిమ్మచెక్కలతో రుద్దాడు, ఎండలో బోర్లించాడు. కిలో ద్రాక్షకు ముప్పావు కిలో చక్కెర, కాస్త ఈస్టు, గుప్పెడు గోధుమలు వేసి గుడ్డ కట్టాడు. రోజులు గడిచాక వడకట్టి పోస్తే మొదట తగిలింది ఎల్లిపాయ. వెనకాలే ఆవపిండి. గుటక దిగిన చాలాసేపటికి, తీరిగ్గా, మెంతి. తెలిసినవాళ్లు వైన్‌లో తోలు వాసన, పొగాకు వాసన, తడిరాయి వాసన పట్టి పుస్తకాలు రాస్తారని చెప్పింది మా సడ్డకుడే. తొక్కు వాసన మీద ఎవరూ రాసినట్టు లేదు. నిజం చెప్పాలంటే ముద్దపప్పు అన్నంలోకి అది బ్రహ్మాండంగా కుదిరింది, మధ్యలో ద్రాక్షే కాస్త అడ్డమొచ్చింది. ఈలోగా మామిడికాయలు దిగాయి. జాడీలో మళ్లీ తొక్కు పెడితే పొంగుతుందేమోనని భయపడి అత్తమ్మ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టింది. ఆ తొక్కుకు ఏడాదంతా డబ్బా వాసన. జాడీ మాత్రం ఇప్పుడు తొక్కుకూ కాదు, వైన్‌కూ కాదు. తలుపు పక్కన గొడుగులు పెట్టుకుంటున్నాం.

మనకు జోడీలు తెలియక కాదు. ఈతకల్లు పక్కన ఉప్పూ కారం చల్లిన గుడాలుంటే ఏ పండితుడూ వచ్చి చెప్పనక్కర్లేదు. చెట్టు దిగిన కల్లు పొద్దెక్కేకొద్దీ దానంతటదే పులుస్తుంది, ఈస్టు పొట్లం అడగదు. కానీ అందులో క్లోరల్ హైడ్రేటు, అల్ప్రాజోలం కలిపి ఆ మాటే ఎత్తకుండా చేశారు. 2015లో కల్తీ మీద దాడులు మొదలయ్యాక, అలవాటైన మందు ఒంటికి అందక జిల్లాలో జనం ఫిట్స్‌తో ఆస్పత్రులకు చేరారు. "ఇంట్ల చేసుకున్నదైతే ఏం కలిసిందో తెలుస్తది కదన్నా" అంటాడు సడ్డకుడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. లైసెన్సు లేకుండా పులియబెట్టడం ఎక్సైజ్ చట్టం ఒప్పదయ్యా అంటే, "జ్యూస్ అన్నా, జరంత ముదిరిన జ్యూస్" అంటాడు.

నా అసలు కడుపుమంట చక్కెర గురించి. పేరు ఆయనది, చక్కెర నాది. మొన్న మళ్లీ సంచి తెప్పించాడు. మా మామ బోధన్ శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్స్‌లో పాన్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. మరుగుతున్న పాకం చుక్కను గాజుపలక మీద వేసుకుని, పలుకు ఎంత కట్టిందో వెలుతురుకు పట్టి చూసి చెప్పే పని. సంచి మూతి విప్పగానే చిటికెడు తీసి అరచేతిలో బొటనవేలితో రాశాడు.

"ఎం-30. పలుకు మంచిగనే కట్టింది. ఏడిది?"

ఎవరూ మాట్లాడలేదు. ఆయనే కళ్లద్దాలు పెట్టుకుని సంచి మీది పేరు చదువుకున్నాడు. మహారాష్ట్రది.

మామ పనిచేసింది 1937లో పెట్టిన ఫ్యాక్టరీలో. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు చెప్పుకున్నది. 2002లో సగానికి మించిన వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. తెరిపిస్తామన్న మాట ప్రతి ఎలక్షన్‌కూ వస్తుంది. నిజాంసాగర్ కాలువ కింద చెరుకు పండిన మళ్లలో ఇప్పుడు వరి. చక్కెర చేసిన మనిషి ఇంటికి చక్కెర సరిహద్దు దాటి లారీలో వస్తుంటే, నేను కిలో ధర గురించి సణుగుతూ కూర్చున్నాను.

మామ అరచేతిలోది నోట్లో వేసుకుని చిన్నల్లుడి వైపు తిరిగాడు. "ద్రాక్ష తియ్యగనే ఉన్నది గద, ఇంత చక్కెర ఎందుకు? సగమే ఎయ్యి."