రోడ్డు ఆగిపోయిన చోట: సటీకా తాత్పర్యము

మూలము:

"రోడ్డు ఆగిపోయిన చోట మన ప్రయాణం మొదలవుతుంది. ఫోర్ బై ఫోర్ ఉంది, ఫ్యామిలీ ఉంది, ఇంకేం కావాలి బావా! సామాన్లు లైట్‌గా సర్దుకోండి. కొండమీద నేచర్‌తో మనమే."

అవతారిక:

మా బావమరిది విశాఖపట్నంలో కొత్తగా ఒక ఎత్తు బండి కొన్నాడు. కొన్న మూడో వారం, డిసెంబరు నెలలో ఒక శుక్రవారం రాత్రి, మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో పై వాక్యాలను ఆవిష్కరించాడు. ఇందులో మొదటి వాక్యం అతని సొంతం కాదు. బండి వెనక స్టెప్నీ తొడుగు మీద అచ్చయి ఉన్నదే. ప్రక్షిప్తమని తోసిపుచ్చవచ్చు గాని, మా అత్తగారు మొదలుకొని మూడో తరగతి చదివే అతని కూతురి దాకా అందరూ దానికి బొటనవేలు చూపించారు. కాబట్టి శిష్టులు అంగీకరించినట్టే లెక్క.

ఇలాంటి మాటలకు వ్యాఖ్య ఎందుకంటే, ఎవరో ఒకరు రాయకపోతే ఇవి వేదవాక్కులైపోతాయి. వ్యాఖ్యాతలకు పెద్దదిక్కు మల్లినాథసూరి మనవాడే, మెదక్ సీమలోని కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన చదువరులకు రెండు మాటలిచ్చాడు. అందులో మొదటిదానికి నేనూ కట్టుబడతాను.

ప్రతిపదార్థము:

సామాన్లు లైట్‌గా = స్పష్టము. (మా అత్తగారి ఆవకాయ జాడీకి, చిన్న గ్యాస్ సిలిండరుకి, మడత మంచానికి ఈ విషయంలో వేరే అభిప్రాయం ఉంది. గ్రంథవిస్తర భీతిచేత విడిచితిని.)

రోడ్డు = దీని అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు గనుక ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. మాటల వరకు చూస్తే మనకు దారుల కరువు ఎన్నడూ లేదు. బాట, తోవ, డొంక, పుంత, కాలిబాట, బండ్లబాట. రెండు చేల నడుమ ఎడ్లబండి పట్టేది గోదావరి వాళ్ళకు పుంత, గుంటూరు వాళ్ళకు డొంక. సంస్కృతం ఇంకా ధారాళం. అమరకోశం తెరిస్తే అయనం, మార్గం, సరణి, పద్ధతి వరసకట్టి నిలబడతాయి. ఆ వరసలోనే పదవి కూడా ఉంది. అవును, పదవి అంటే దారి. పదవి దొరికినవాళ్ళకు దారి సంగతి ఎందుకు గుర్తుండదా అని నాకు చాలాకాలంగా అనుమానం. ఆ మాటకు ఉన్న రెండర్థాల్లో వాళ్ళు ఒకటే చదువుకున్నారన్నమాట. పాదాలు తొక్కి తొక్కి పడేసిన బాట పద్ధతి. ఒక్క మనిషి మాత్రమే పట్టే సన్నబాట ఏకపది. మా బావమరిది 'ట్రాక్' అని పిలిచింది ఈ ఏకపదినే. దాని మీదికి ఆరడుగుల వెడల్పు బండిని ఎక్కించడాన్ని ఏమనాలో అమరసింహుడు చెప్పలేదు.

మాట వచ్చింది కనుక ఘంటాపథం సంగతి కూడా చెప్పుకుందాం. భారవి కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్యకు మల్లినాథుడు పెట్టిన పేరు అది. మెడలో గంటలు కట్టిన ఏనుగులు బారులు తీరి నడిచే రాచబాట అని అర్థం. భారవి కవిత్వం కొబ్బరికాయ. పీచు ఒలిచి, చిప్ప పగలగొడితే గాని లోపలి తీపి అందదు. కథ జరిగేదేమో హిమాలయాల్లో, ఎదురయ్యేవాడేమో బోయవేషంలో శివుడు. అంత దుర్గమమైన కావ్యంలోకి మల్లినాథుడు రాచబాట వేసి, రండి, దర్జాగా నడవండి అన్నాడు. దారి లేని చోటికి వచ్చేశానని తొడ కొట్టుకోలేదు. ఆ ఘంటాపథమే ఇవాళ 'ఘంటాపథంగా చెబుతున్నా' అన్న పలుకుబడిలో మిగిలింది. ఏనుగులు పోయాయి, బాట పోయింది, గంట మాత్రం మోగుతోంది. సభల్లో తరచుగా వింటుంటాం.

ఇక రహదారి. ఇది పారసీకం నుంచి దిగుమతి. మొగలాయీల నాడు రాహ్‌దారీ అంటే బాట మీద వసూలు చేసే సుంకం. తెలుగులోకి వచ్చాక రహదారి చీటీ అయింది, అనగా బాటసారిని పోనిచ్చే అనుమతి పత్రం. సుంకం నుంచి చీటీకి, చీటీ నుంచి బాటకి అర్థం మెల్లగా జారింది. విశాఖ దాటాక టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ పలకక మా బావమరిది స్టీరింగు మీద గుద్దాడు గాని, నిజానికి ఆ రోజంతటిలో మేం శబ్దార్థప్రకారం రహదారి మీద నిలబడింది ఆ నాలుగు నిమిషాలే.

ఇంతకీ ఏం చెబుతున్నాను? రోడ్డు. నర్సీపట్నం దాటి లంబసింగి ఘాట్ ఎక్కుతున్నాం. వెనక సీటులో పిల్లలు వాంతులు చేసుకుంటుంటే (స్పష్టము), ముందు సీటులోంచి "ఈ రోడ్డు మరీ ఈజీ బావా, మజా లేదు" అన్న వాక్యం వెలువడింది. దీనికి ఉపవ్యాఖ్య అవసరం. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే ఈ బాటను తెల్లదొరల కాలంలో మన్యం వాళ్ళ చేతనే వేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ పనికి కూలి సరిగా ముట్టజెప్పలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడు మీద, అడవి మీద కట్టడి పెట్టింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడేనాటికి ఈ కొండల్లో కూడుకున్న కోపాల్లో ఈ రోడ్డు కూలి ఒకటి. సరిగ్గా నూరేళ్ళకు, 2022లో, ఆయన పేరుతో జిల్లా వచ్చింది. మజా లేదన్నవాడికి ఇదంతా నేను ఆ మలుపుల్లో చెప్పలేదు. ఆవకాయ జాడీ నా ఒళ్ళో ఉంది.

ఆగిపోయిన = వైయాకరణుల పని ఇక్కడ పడింది. ఆగు అకర్మకం, ఆపు సకర్మకం. వాన ఆగిపోతుంది, గడియారం ఆగిపోతుంది. ఎవరి చెయ్యీ పడకుండా దానంతట అది జరిగేదానికి ఈ మాట. రోడ్డు అలా ఆగదు. నడిచి నడిచి అలసిపోయి పనసచెట్టు కింద కూలబడిన రోడ్డును నేనెక్కడా చూడలేదు. తారు పోయి మెటల్, మెటల్ పోయి గ్రావెల్, గ్రావెల్ పోయి ఎర్రమట్టి వచ్చిందంటే, ఎక్కడో ఒక బల్ల మీద, ఒక ఫైలులో, ఒక సంతకం దగ్గర దాన్ని ఎవరో ఆపారు. అటవీ అనుమతి రాలేదనో, బిల్లు రాలేదనో, పైన ఉన్నవి పదిహేను గడపలే కదా అనో. కాబట్టి 'రోడ్డు ఆపేసిన చోట' అన్నదే సాధుపాఠం. ఆ పాఠం తీసుకుంటే వెంటనే 'ఎవరు?' అన్న ఆకాంక్ష పుడుతుంది, కర్తను వెతికి తెచ్చుకోవాలి. ఆ వెతుకులాట ఎవరికీ ఇష్టం లేదు గనుకనే మంత్రిగారి ప్రసంగం నుంచి స్టెప్నీ తొడుగు దాకా అందరూ అకర్మకాన్నే ఆశ్రయించారు.

శంక: రోడ్డు వేస్తే కొండ అందం పాడైపోదా?

సమాధానం: ఈ శంక వేసేవాడు ఎప్పుడూ తారు రోడ్డు మీద నిలబడే వేస్తాడు.

ఫోర్ బై ఫోర్ = సంఖ్య ముందుంది కనుక ద్విగు సమాసమని ఒక పక్షం. బండిని చెబుతోంది గనుక అన్యపదార్థం ప్రధానమై బహువ్రీహి అని మరో పక్షం. మొదటి నాలుగు ఎన్ని చక్రాలున్నాయో చెబుతుంది, రెండోది అందులో ఎన్నింటికి ఇంజను బలం అందుతుందో చెబుతుంది. 'నాలుగు చక్రాలలో నాలుగింటికీ బలము గలది యేదియో అది' అని విగ్రహవాక్యం. బహువ్రీహి పక్షమే నాకు సమ్మతం. కానీ శాస్త్రం చెప్పని సంగతొకటి గెడ్డ దాటాక తెలిసింది.

చక్రాల జత మధ్యన డిఫరెన్షియల్ అని ఒక పళ్ళచక్రాల పెట్టె ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి గనుక ఇద్దరికీ ఇబ్బంది లేకుండా సర్దడం దాని పని. మామూలు పెట్టెకు ఒక దుర్గుణం ఉంది. ఏ చక్రానికి నేల పట్టు లేదో దాన్నే గిరగిరా తిప్పుతుంది, నేల మీద నిలబడినదాన్ని వదిలేస్తుంది. ఉమ్మడి కుటుంబాలు చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. వానాకాలం కోసిన గాడిలో మా బండి ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గాలిలో లేచాయి. ఆ రెండూ తిరిగాయి. మిగతా రెండూ చూస్తూ ఊరుకున్నాయి. నాలుగింటికీ బలం ఉన్న బండి అడ్డంగా, నిశ్చలంగా, బాట మొత్తం మూసేసి నిలబడింది. లో గేరు వేసి నిదానంగా రావలసిన చోటికి అతను వీడియో కోసం వేగంగా వచ్చాడు. ఈ మాట మూలంలో లేదు, కానీ ఉండాల్సింది.

అప్పుడు పైనుంచి డోలీ వచ్చింది.

డోల అంటే ఊయల. దేవుళ్ళకు డోలోత్సవం చేస్తాం, పసివాళ్ళకు డోలారోహణం చేస్తాం. మన్యంలో డోలీ అంటే వెదురు బొంగుకు రెండు కొసలా దుప్పటి కట్టి, అందులో రోగిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని దిగడం. ఇంకో ఇద్దరు మారు మనుషులుగా వెంట నడుస్తున్నారు. దుప్పట్లో ఉన్న మనిషి పాదాలు తప్ప మాకేమీ కనిపించలేదు. మూడు రోజులుగా జ్వరమట. తారు దాకా దింపితే అక్కడికి 108 వస్తుంది.

మా అత్తగారు కిటికీలోంచి "ముందు వాళ్ళకి దారియ్యరా అబ్బాయ్!" అని కేకేశారు. ఇవ్వడానికి దారి మా కింద ఉంది. బావమరిది చెడ్డవాడు కాదు, నిజంగానే కంగారుపడ్డాడు. "మన బండిలో ఎక్కించండి, నేను దింపుతాను" అన్నాడు. ముందు బొంగు మోస్తున్న అతను గాలిలో ఉన్న చక్రం వైపు చూసి, "కదుల్తాదేటి బాబూ?" అన్నాడు. వెటకారం లేదు, ప్రశ్నే. సమాధానం లేకపోయేసరికి నలుగురూ డోలీని పక్కనున్న గట్టు మీదికి ఎక్కించి, వలిసె చేను అంచున ఒక్కో అడుగే వేస్తూ మమ్మల్ని చుట్టి దిగిపోయారు.

ఇప్పుడు సమాసం దగ్గరికి మళ్ళీ వస్తాను. మోసేవాళ్ళు ఇద్దరు. కాళ్ళు నాలుగు. నాలుగింటికీ బలం ఉంది, ఏ ఒక్కటీ గాలిలో తిరగదు. విగ్రహవాక్యం అక్షరాలా సరిపోయేది డోలీకే. బండికి ఆ పేరు లక్షణావృత్తితో వాడుతున్నారని గ్రహించేది.

తర్వాత కొండమీది కుర్రాళ్ళు ఐదుగురొచ్చి, చక్రాల కింద రాళ్ళు పేర్చి, తోసి, బండిని బయటపడేశారు. డబ్బులిస్తే తీసుకున్నారు. తీసుకోవాలి కూడా. ఈ కొండల్లో దారి పనికి పూర్తి కూలి ఇవ్వడం ఇప్పటికైనా అలవాటు కావాలి.

నేచర్‌తో = తృతీయా విభక్తి. చేతన్, చేన్, తోడన్, తోన్. 'తో'కు ఇక్కడ సహార్థమా, కరణార్థమా? అమ్మతో వెళ్ళాను అన్నప్పటి తో వేరు, కత్తితో కోశాను అన్నప్పటి తో వేరు. బావమరిది ఉద్దేశం మొదటిది. కొండమీద నాకు కనిపించింది రెండోది. వలిసె పూల పసుపు ఫోటోలకు వెనక తెర, మంచు వీడియోలకు పొగ, లోయ బీరు సీసాలకు గోతాము.

మనమే = ఈ ఏవకారం చింత్యము. మా గుడారానికి అటు పదహారు గుడారాలు, ఇటు లెక్కపెట్టలేనన్ని, రెండు స్పీకర్లు. తెల్లవారుజామున నాలుగింటికి కూడా అందులో ఒకటి పాడుతోంది. నాకు మెలకువే. లంబసింగికి స్థానికులు చెప్పే పేరు కొర్రబయలు. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలాగా, అనగా కర్రలాగా, బిగుసుకుపోతాడని వ్యుత్పత్తి చెబుతారు. పర్యాటకుల కరపత్రాలు దాన్ని ఆంధ్రా కాశ్మీరమంటాయి. ఊరివాళ్ళు పేరులోనే హెచ్చరిక పెట్టి పంపితే మనం దాన్ని చెరిపేసి బిరుదు రాసుకున్నాం. ఆ రాత్రి నా మోకాళ్ళు కొర్రబయలు పాఠాన్నే సమర్థించాయి.

ఫ్యామిలీ, ఇంకేం, కావాలి, బావా = స్పష్టము.

తాత్పర్యము:

ఒకడు బండి కొనెను. కొన్నవాడు ఊరకుండలేడు గనుక ఎక్కించెను. ఎక్కినది దిగబడెను. దిగబడిన చోటు ఇంకొకరికి ఆస్పత్రి దారి అయ్యెను. ఆదివారం రాత్రి గ్రూపులోకి వచ్చిన వీడియోలో బురద ఎగజిమ్ముతూ బండి గాడిలోంచి బయటపడే పన్నెండు సెకన్లు ఉన్నాయి. తోసినవాళ్ళు లేరు, డోలీ లేదు. అందరూ బొటనవేలు చూపించారు. అత్తగారు ఒక్కరే ఏమీ పెట్టలేదు.

చదువరులకు మనవి. సంక్రాంతి సెలవులకు మీరూ ఆ కొండలెక్కుతారు, ఎక్కండి. బండి దిగబడితే ఎవరూ చెయ్యగలిగింది లేదు. కానీ మంచు చూడటానికో ఫోటో తీసుకోవడానికో ఆపినప్పుడు మాత్రం బాట నడిమధ్య ఆపకండి. ఒక పక్కకు తీసి, ఇద్దరు మనుషులు ఒక బొంగు మోసుకుంటూ పోయేంత చోటు వదలండి.