మావాడు గట్టోడండీ!

మన అకాడమీల్లో పదహారేళ్ల కుర్రాడికి హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసిందంటే అదో హోదా. ఫిజియో బల్లమీద పడుకుని, తొడకు టేపు వేయించుకుని, ఆ ఫొటో ఇన్‌స్టాలో పెట్టుకుంటాడు. అదే కుర్రాడికి నేషనల్స్ ముందు రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే మాత్రం గదిలో పక్క మంచంవాడికి కూడా చెప్పడు. సైకాలజిస్టు మాటెత్తారో, "నాకేమన్నా పిచ్చా సార్?" అంటాడు. పక్కనున్న నాన్నగారు మీసం దువ్వుతారు: "మావాడు గట్టోడండీ!"

గట్టోడే, కాదన్నదెవరు? గట్టోడు కాబట్టే ఎడమ సాక్సు ముందు తొడక్కపోతే కోర్టులో అడుగు పెట్టడు. సెమీఫైనల్ గెలిచిన చొక్కా ఫైనల్ దాకా ఉతకనివ్వడు. (రూమ్మేటు గట్టిదనం గురించి ఎవరూ రాయరు.)

నిజానికి మనవాళ్లు మనసుకు వైద్యం వద్దనడం లేదు. ఆ వైద్యం చదువుకున్నవాళ్ల చేత వద్దంటున్నారు, అంతే. కోచ్ పదిమందిలో "నీకు దమ్ము లేదురా" అంటే మోటివేషన్. మేనమామ పంపే రీల్ కౌన్సెలింగ్. సిద్ధాంతిగారు ఏలినాటి శని అంటే రోగ నిర్ధారణ, శాంతి చేయిస్తే చికిత్స. ఇదంతా పల్లెటూరి వ్యవహారం అనుకునేరు. 2022లో ఆసియా కప్ అర్హత పోటీల ముందు జాతీయ ఫుట్‌బాల్ జట్టులో స్ఫూర్తి నింపమని సమాఖ్య ఓ జ్యోతిష సంస్థకు సుమారు 16 లక్షలు ఇచ్చిందని పత్రికలు రాశాయి. జట్టు అర్హత సాధించింది కూడా. గోల్స్ కెప్టెన్ ఛెత్రి ఖాతాలో, పుణ్యం శుక్రుడి ఖాతాలో!

ఇక సైకాలజిస్టు గుమ్మం తొక్కే ఆ బలహీనుల సంగతి. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టోక్యో ఒలింపిక్స్‌లో జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకుంది. పారిస్‌లో జట్టు ఫైనల్ రోజు పొద్దున్నే థెరపిస్టుతో మాట్లాడి మరీ బరిలోకి దిగి, ఆ ఒలింపిక్స్‌లో 3 స్వర్ణాలు పట్టుకుపోయింది. మనవాడైతే ఆ పూట కొబ్బరికాయ కొట్టేవాడు. చెన్నైలో పెరిగిన మన తెలుగింటి గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ చదరంగ కిరీటం కోసం 2024లో సింగపూర్ వెళ్తూ, మనసు సంగతి చూడమని మెంటల్ కోచ్ ప్యాడీ అప్టన్‌ను పెట్టుకున్నాడు. షూటర్ అభినవ్ బింద్రా సరేసరి, బీజింగ్ స్వర్ణం తర్వాతే తనను పెద్ద మానసిక సంక్షోభం చుట్టుముట్టిందని చెప్పేశాడు. పాపం, ఎవరూ గట్టోళ్లు కారు.

అయితే కుర్రాళ్లను మాత్రమే అని లాభం లేదు. వాళ్ల భయంలో ఒకటి అచ్చంగా నిజం: డాక్టరుతో చెప్పుకున్నది కోచ్ చెవిన పడితే? కోచ్ సెలెక్టరుతో అంటే? మోకాలు విరిగినవాడి కోసం జట్టు ఎదురుచూస్తుంది. మనసు బాగాలేదన్నవాడి చోటు మర్నాటికే నిండుతుంది. ఆ మాట బయటికి పొక్కదని రాసిచ్చే అకాడమీ ఏది? బ్రోషర్లో మాత్రం స్విమ్మింగ్ పూల్ ఫొటో కింద "సైకాలజిస్టు కలరు" అని ఉంటుంది. ఏ గదిలో, ఏ వారం అని అడగడానికి మీసం దువ్వే నాన్నగారికి తీరికేదీ?