మూడున్నర రూపాయల అతిథి

ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది. మైదానం నుంచి ఉద్యోగానికొచ్చిన నాలాంటి బడిపంతులు అరకులో సెంటు భూమి కూడా కొనలేడు. కొనకూడదు కూడా. ఇంటర్నెట్‌లో జాగాకు మాత్రం ఆ అడ్డు లేదు. అక్కడ ‘అరకు కాఫీ’ అన్న రెండు మాటల మీద ఎవరైనా వేలం పాడుకోవచ్చు. నేనూ పాడాను, వెయ్యి రూపాయలు చేతబట్టుకుని.

కాఫీ నాది కాదు, మా పక్కింటి రైతుది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. విశాఖలో డిగ్రీ చదువుతున్న వాళ్లబ్బాయి పొడి అమ్మడానికి వెబ్‌సైటు ఒకటి కట్టిపెట్టాడు. మొదటి నెలలో నలుగురు చూశారు. అందులో ముగ్గురం మేమే.

“2017లో పారిస్‌లోనే అరకు కాఫీ కొట్టు తెరిచారు. 2019లో మన అరబికాకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పారిస్‌లో చెల్లిన సరుకు పలాసలో చెల్లదా?” అన్నాను.

“చెల్తాది మాస్టారూ. ముందు టీ తాగండి” అన్నాడు రైతు.

నేను పాడిన వేలం ఇదీ: ఎవరైనా ఇంటర్నెట్‌లో ఆ మాటలు వెతికితే నా ప్రకటన కనపడుతుంది. ప్రకటన చూసినందుకు కాకుండా నొక్కినందుకే డబ్బు తీసుకునే ఈ వేలం 1998లో గోటూ అనే అమెరికా సైటుతో ఊపందుకుంది. తర్వాత ఆ దారి పట్టినవాళ్లలో ఒకరి దగ్గర నేను ఖాతా తెరిచాను. మన లెక్కలో చెప్పాలంటే, సంత మొగలో ఒక కుర్రాణ్ణి నిలబెట్టి, నా కొట్టు గడప తొక్కించిన మనిషికి ఇంతని ఇస్తానన్నట్టు. ఆ వచ్చినవాడు కొంటాడా, వాన వెలిసేదాకా పరదా కింద నిలబడి పోతాడా అన్నది కుర్రాడి పూచీ కాదు.

రోజుకు వంద రూపాయలు మించొద్దని రాసి, శుక్రవారం పొద్దున్నే ప్రకటన వదిలాను. మా వీధిలో సిగ్నల్ ఒక్క గీత. లెక్క చూడాలంటే నీళ్ల ట్యాంకు వెనక దిబ్బ ఎక్కాలి. సాయంత్రం బడి కాగానే మంచులో మఫ్లరు చుట్టుకుని ఎక్కాను. ఫోను నెత్తిమీదికెత్తి, కాసేపటికి దించి చూద్దును కదా, 175 రూపాయలు ఖర్చు, 50 మంది రాక. వంద దాటొద్దంటే దాటింది. నిబంధనలు తిరగేస్తే తేలిందేమిటంటే, ఒక్కో రోజు చెప్పినదానికి రెట్టింపు దాకా తినొచ్చట, నెల మొత్తం మీద సరిపెడతారట. మా ఆవిడ చీటీల్లో కూడా ఈ సదుపాయం లేదు.

అయినా తలకు మూడున్నర రూపాయలకి యాభై మంది! దిబ్బ దిగలేదు, దూకాను.

“యాభయ్యేనా?” అంది మా ఆవిడ. “మా ఫ్యామిలీ గ్రూపులోనే ముప్పై ఇద్దరు నొక్కారండీ. అరకు కాఫీ అని కొట్టి, మీ యాడ్ రాగానే నొక్కండని నేనే పెట్టాను. పాపం పెద్దత్తయ్యకైతే, కళ్లజోడు వెతుక్కునేసరికి సగం పూట పట్టింది.”

నూట పన్నెండు రూపాయల బంధుప్రేమ. కళ్లజోడు దొరక్కపోయినా మూడున్నర మిగిలేది.

మిగతా పద్దెనిమిది మంది పరాయివాళ్లే. వాళ్లు ఏం వెతుకుతూ వచ్చారో జాబితా ఇస్తారు. నా అనుభవంలో ఆ ఖర్చుకి దక్కిన ఒకే ఒక్క గిట్టుబాటు సరుకు అది. అరకు రైలు ఎన్నింటికి. అద్దాల బోగీ టిక్కెట్టు. బొంగు చికెన్ ఎలా చెయ్యాలి. వలిసె పూలు ఏ నెలలో. ఒకాయన వెతికింది అరకు కూడా కాదు, అరక్. ఆ మహానుభావుడికి చుక్క కావాలి, మేము కాఫీ చూపించాం. మాటకు మాట కచ్చితంగా కలవాలని మనం గీత గియ్యకపోతే, కాస్త చుట్టరికం కనపడ్డ ప్రతి మాటకీ యంత్రం మన ప్రకటన తగిలిస్తుంది.

నాకు రోషం వచ్చింది. రైలు, బోగీ, బొంగు, పూలు, సారా... అన్నిటినీ ‘వద్దు’ మాటల్లో చేర్చాను. మర్నాడు ఒక్కరొచ్చారు. ఆ మర్నాడు అదీ లేదు. డబ్బు మాత్రం భద్రంగా ఉంది.

“రైలు కోసం వచ్చినోడికి రైలు సంగతి సెప్పకుండా పొడి కొనమంటే ఏటి కొంటాడు మాస్టారూ?” అన్నాడు రైతు, టీ గ్లాసు అందిస్తూ.

నిజమే అనిపించింది. ప్రకటన ఆపేసి, వాళ్లబ్బాయి చేత వెబ్‌సైటులో కొత్త పేజీ పెట్టించాను. విశాఖలో కిరండూల్ ప్యాసింజరు ఎన్నింటికి బయల్దేరుతుంది, బొర్రా గుహలకు ఎక్కడ దిగాలి, వలిసె పూలకు నవంబరు, డిసెంబరుల్లో ఎందుకు రావాలి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన ఈ లైను ఇవాళ సెల్ఫీలను మోస్తోందని ఒక వాక్యం నా సొంతానికి రాసుకున్నాను. అది ఎవరూ చదవరు, తెలుసు. పేజీ నెత్తిన మాత్రం కాఫీ ఆర్డర్ల కోసం నా ఫోను నంబరు పెద్ద అక్షరాల్లో వేయించాను.

పైసా ఖర్చు లేకుండా జనం రావడం మొదలైంది. ఆర్డరు కూడా ఒకటొచ్చింది, పావుకిలో. పెద్దత్తయ్య. ఇంటివాళ్లకు తగ్గింపు ఎంతని అడిగింది.

నిన్న రాత్రి పది దాటాక ఫోను మోగింది. నిన్నటికి ఏడోది.

“హలో, అరకు ఎంక్వైరీయేనా అండీ?”

కాదనే ఓపిక పోయి చాలా రోజులైంది. రైలు టైము చెప్పాను. దిగాల్సిన స్టేషను చెప్పాను. చలిబట్టలు తెచ్చుకోమన్నాను. చివర్లో గొంతు సవరించుకుని, మా దగ్గర మంచి కాఫీ పొడి కూడా ఉందండీ అన్నాను.

“కాఫీయా? మా ఇంట్లో అందరం టీయేనండీ. అది సరే, ఆ అద్దాల బోగీ ముందుంటుందా, వెనకుంటుందా?”