కిల్టు లోపల ఏముంది?

గ్లాస్గోలో కాపురం ఉంటున్నందుకు కట్టాల్సిన పన్ను ఒకటుంది. ఇండియా నుంచి ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ గొంతు తగ్గించి, "అవునుగానీ, ఆ కిల్టు లోపల ఏముంటుందోయ్?" అని అడుగుతాడు. మొన్న మా పెద్ద బావగారు కూడా అడిగారు, విష్ణు సహస్రనామం మధ్యలో ఆపి మరీ.

కాన్వాసు ఉంటుంది బావగారూ!

మావాడు స్నేహితుడి పెళ్లికని కొన్న కిల్టు, కట్టి చూసుకుంటూ వంగగానే నడుము వెనక పట్‌మంది. కుట్టే ఆవిడ లైనింగు విప్పి చూసి మొహం అదోలా పెట్టింది. అసలు కిల్టంటే ఇక్కడి మగవాళ్లు నడుముకు చుట్టుకునే ఎనిమిది గజాల ఉన్ని బట్ట. వెనక కుచ్చిళ్లన్నీ నడుము దగ్గర దిండులా పోగుపడకుండా, తుంటికి పైన లోపలి మడతలు కత్తిరించేస్తారు. ఇక అక్కడ మిగిలేది పైపొరా, దాని కుట్లూ. కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి తోలుపట్టీలు బిగిస్తే ఆ లాగుడంతా వాటి మీదే. దాన్ని మోయడానికే మడతలకు అడ్డంగా ఓ గట్టి పట్టీ, కాన్వాసు వేసి, పైన నూలు లైనింగు కప్పుతారు. మావాడి కిల్టులో లైనింగు ఉంది, దాని వెనక శూన్యం. కత్తిరించడం మాత్రం మర్చిపోలేదు మహానుభావులు!

లాగుడంటే గుర్తొచ్చింది. 1746లో పార్లమెంటు నిషేధించి, 1782లో వదిలేసిన ఈ వేషాన్ని 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరోలో వేశాడు. ఏర్పాట్లన్నీ నవలాకారుడు వాల్టర్ స్కాట్‌వి. రాజుగారిది భారీ విగ్రహం. కిల్టేమో పొట్టి. కాళ్లకు ఒంటిరంగు మేజోళ్లు. ఆ వేషం ఖర్చు వెయ్యి పౌండ్ల పైమాటేలెండి, ఖజానా ఎవరిదో! తర్వాత డేవిడ్ విల్కీ బొమ్మ గీస్తూ ఆ మేజోళ్లను మర్యాదగా మాయం చేశాడు. కాళ్ల గురించి ఇన్నేళ్లుగా నవ్వుకుంటున్నారు సరే, ఆ పొట్టను బిగబట్టి నిలిపిన కుట్లను ఒక్కరైనా తలచుకున్నారా? దండెత్తినా దర్బారు తీర్చినా బరువు మోసేది లోపలివాళ్లే.

ఆవిడ బల్ల మీద ఇంకో ముసలి కిల్టు బోర్లించి ఉంది. అడుగున మడిచి కుట్టడం ఉండదు, బట్ట అంచే అంచు. పొడుగు పెంచలేరు కానీ నడుము దగ్గర బకిల్స్ జరిపి కాస్త వదులు చేయొచ్చట. దాంట్లో ఒకే బకిల్ చుట్టూ వేరువేరు రంగుల దారాలు. తాత కట్టి, తండ్రి కట్టి, ఇప్పుడు మనవడు తెచ్చాడట. మా నాన్న పోయాక ఆయన పంచెలు ఎవరికో ఇచ్చేశాం. వాటిలో కుట్టు లేదు, విప్పి చూడ్డానికి లోపలంటూ లేదు. ఆయన నడుము ఎంతుండేదో నాకిప్పుడు తెలియదు.

కాన్వాసు వేసి బాగుచేయడానికి ఆవిడ చెప్పిన కూలి, కిల్టు ఖరీదుకన్నా ఎక్కువ. పెళ్లి శనివారం. మావాడు ప్యాంటు వేసుకెళ్తున్నాడు.