తీతువు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఒరే అబ్బాయ్! ఆ గులకరాళ్ల మూల దున్నమాక, తీతువు కూచోనుంది."

అవతారిక: ప్రకాశం జిల్లా మెట్టలో రోహిణి కార్తె వెళ్లిపోయే రోజులు. ఓ జల్లు పడి నేల పదునెక్కింది. కందికి దుక్కి దున్నిస్తున్న ఒక పెద్దాయన, గట్టు మీది వేపచెట్టు కింద నిలబడి ట్రాక్టరు కుర్రవాణ్ణి ఉద్దేశించి పలికిన వాక్యమిది. దూరాన ఉన్నవాణ్ణి పిలిస్తే ప్లుతం రావాలని పాణిని విధి. పెద్దాయన పాణినిని చదవలేదు గానీ 'ఒరే' అన్న ఏకారాన్ని ఇంజను చప్పుడు దాటేదాకా సాగదీశాడు.

టీక: ఒరే అబ్బాయ్ = గంట లెక్కన కిరాయి పుచ్చుకునే ఓ సారథీ; ఆ = గడ్డంతో చూపబడిన; గులకరాళ్ల మూల = ఈశాన్యమందలి పనికిరాని చెక్క; దున్నమాక = గొర్రు పైకెత్తి చుట్టు తిరిగి పొమ్ము; తీతువు = నల్లని తల, రొమ్ము, కళ్ల ముందు ఎర్రని తోలు, పొడుగాటి పసుపు కాళ్లు గలదీ, టిట్టిభమని నామాంతరం గలదీ అగు పక్షి; కూచోనుంది = కూర్చుని ఉన్నది.

విశేషం: గుడ్ల మాట మూలంలో ఎక్కడా లేదు. మరి దున్నవద్దనడానికి కారణమేమి? ఇక్కడ మీమాంసకుల అర్థాపత్తి పనికొస్తుంది. పగలు తినని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నట్టే కదా. అట్లే, కాకి కూడా నీడకు చేరి నోరు తెరుచుకున్న మిట్టమధ్యాహ్నం, కాలిన గులకరాళ్ల మీద ఒక పక్షి కదలక కూర్చుందంటే కింద గుడ్లున్నట్టే. పొదిగి వెచ్చబెట్టడానికే కూర్చుందనుకుంటే పొరపాటు. ఆ వేళలో దాని పని గుడ్లకు నీడ పట్టడం. ఎండ మరీ ముదిరితే కుంటకో కాలవకో పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి ఆ తడితోనే చల్లబరుస్తుంది. ఆడా మగా వంతులు వేసుకుంటాయి. (వంతు తప్పిన మగపక్షి గురించి పూర్వవ్యాఖ్యాతలు మౌనం వహించారు.)

గూడు అనదగ్గది లేదు. నేలలో చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, దొరికితే మేక పెంటికలు. గుడ్లు సాధారణంగా నాలుగు, మొనలు లోపలికి. మట్టిరంగు మీద నల్లమచ్చలు, కనక పక్కనే నిలబడ్డవాడికీ రాళ్లే కనిపిస్తాయి. పెద్దాయన రాళ్లను చూడలేదు, పక్షిని చూశాడు. అదే ఈ వాక్యంలోని చమత్కారం.

పాఠాంతరం: కొన్ని గట్ల మీద 'తీతువు అరుస్తంది' అని వినిపిస్తున్నది. అది అపపాఠం. మనిషి దూరాన కనబడగానే ఈ పక్షి గుడ్ల మీంచి చడీచప్పుడు లేకుండా లేచి, తల వంచుకుని కొంత దూరం నడిచిపోయి, అక్కడినుంచి ఎగిరి గగ్గోలు పెడుతుంది. ఒక్కోసారి రెక్క విరిగినట్టు నటిస్తూ పక్కకు లాక్కుపోతుంది. అరుపును నమ్మి ఆ చోటు వదిలేసిన రైతు, గుడ్లున్న చోటే దున్నుతాడు. కనుక 'కూచోనుంది' అన్నదే గ్రాహ్యం.

పూర్వపక్షం: తీతువు కూస్తే చావు కబురు వస్తుందంటారు కదా, ఆ భయంతోనే పెద్దాయన వద్దన్నాడేమో? కాదు. ఈ పక్షి వెన్నెల రాత్రుళ్లు మేలుకుని పురుగులు ఏరుకుంటుంది, కుక్కో నక్కో మనిషో కదిలితే అరుస్తుంది. జబ్బుమనిషి ఇంటి చుట్టూ రాత్రంతా జనం తిరుగుతుంటే అది అరవక ఏం చేస్తుంది? ఇది నా ఊహ, సిద్ధాంతం కాదు. ఆకాశం మీద పడుతుందేమోనని కాళ్లు పైకెత్తి పడుకుంటుందన్న అపవాదు మాత్రం విచారణకే తగదు. పంచతంత్రంలో దీని గుడ్లను సముద్రం ఎత్తుకుపోతే గరుత్మంతుడి సిఫారసుతో తిరిగొచ్చాయి. ట్రాక్టరు విషయంలో అంత పెద్ద సిఫారసు అక్కర్లేకపోయింది.

పరివార వర్ణనం: గొర్రు వెనకే తలా మెడా కాషాయం పట్టిన పశువుల కొంగలు, తోక చీలిన పసులపోలిగాడు, గోరింకలు. అందరూ లేచిన పురుగు కోసమే. తాటిచెట్టు మీద గిజిగాళ్లు అల్లిక మొదలుపెట్టాయి, సగం గూడు చూసి ఆడపిట్ట ఒప్పుకుంటే మిగతా సగం. మూలవాక్యానికి వీటితో సంబంధం లేదు, ఊరికే చెప్పాను.

తాత్పర్యం: ఆ మూల వదిలెయ్యి.

ఉత్తరభాగం: సారథి గొర్రెత్తి, "మరి ఎప్పుడు దున్నేది తాతా?" అన్నాడు. "పిల్లలు నడిచినాక." ఇది ఏళ్ల తరబడి బీడు పెట్టడం కాదు. పొదుగుడు దాదాపు నెల. పిల్లలు పుట్టిన రోజే నడిచి, గుంట వదిలి తల్లి వెంట పోతాయి. ఆ గులకరాళ్లలో కంది ఏనాడూ మోకాలెత్తు దాటలేదన్న సంగతి వ్యాఖ్యాతకు తెలుసు. పెద్దాయన దయకు భంగమని టీకలో చేర్చలేదు.